మొహర్లీ గేటు లోపల ఒక పూట

కాగజ్‌నగర్‌లో పుట్టి పెరిగినవాళ్లకు అడవి అనగానే ముందుగా గుర్తొచ్చేవి వెదురు లారీలు. సిర్పూర్ పేపర్ మిల్లు కోసం ఆదిలాబాద్ అడవుల నుంచీ, వార్ధా నదికి అవతల ఉన్న చాందా (ఇప్పటి చంద్రపూర్) అడవుల నుంచీ బొంగులు లారీల్లోనూ గూడ్సు బండ్లలోనూ వచ్చి యార్డులో గుట్టలుగా పేరుకునేవి. మా నాన్న ఆ యార్డులోనే పనిచేసి రిటైరయ్యారు. అమ్మది పెంచికల్‌పేట వైపు పల్లె. పెళ్లికి ముందు ప్రతి ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు తెంపడానికి తెల్లవారకముందే అడవికి వెళ్లిన మనిషి ఆమె. అందుకే మా ఇంట్లో అడవి మాటలకు ఎన్నడూ కొదవ లేదు. అయినా ఇంటిల్లిపాదీ కలిసి, ఏ పనీ పెట్టుకోకుండా, అడవిని చూడటం కోసమే అడవిలోకి వెళ్లింది మాత్రం 2019 మే నెలలో, మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవిలో, ఒక్క పూట. నాన్న పోయినప్పటి నుంచి ఆ పూట గురించి రాసి పెట్టుకోవాలని అనుకుంటూనే ఉన్నాను.

తాడోబాకు వెళ్దామన్నది నాన్న కోరిక. కవ్వాల్ మాకు సొంత జిల్లాల అడవి. 2012లో దాన్ని టైగర్ రిజర్వుగా ప్రకటించారు కూడా. కానీ మా కాగజ్‌నగర్ అడవుల్లోకి కొత్తగా పులులు వస్తున్నాయనీ, అవి వార్ధా, ప్రాణహిత నదులు దాటి తాడోబా వైపు నుంచి వస్తున్నాయనీ ఆ రోజుల్లో పేపర్లలో తరచుగా వార్తలు వచ్చేవి. ఫల్గుణ అని అటవీశాఖవారు పేరు పెట్టిన ఒక ఆడపులి అలాగే వచ్చి, మా అడవిలో స్థిరపడి, పిల్లల్ని కూడా పెట్టింది. నాన్న ఆ వార్తలు కత్తిరించి డైరీలో దాచుకునేవారు. తన చిన్నతనంలో, అంటే 1950లలో, ఊళ్లో పెద్దపులి ఎద్దును ఎత్తుకుపోయిన రాత్రి మా నానమ్మ దీపం ఆర్పకుండా తెల్లవార్లూ పిల్లల మధ్య కూర్చుందని ఎన్నిసార్లు చెప్పేవారో. నాకు ఊహ తెలిసేనాటికి ఆ పులి కథల్లో మాత్రమే మిగిలింది. ఆయన ఉద్యోగకాలమంతటా అడవిలోంచి వచ్చిన లారీ డ్రైవర్లను అడిగినా, పులిని చూశామన్నవాళ్లు అరుదుగానే దొరికేవారట. పోయిందనుకున్న జంతువు ఇన్నేళ్లకు మళ్లీ వచ్చిందంటే, ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి కళ్లారా చూడాలని ఆయనకు బలంగా ఉండేది. "ఫల్గుణ పుట్టిల్లు చూసొద్దామంటున్నడు మీ నాయిన" అని అమ్మ నాకు ఫోన్‌లో చెప్పింది.

పిల్లలకు సెలవులు కాబట్టి మేము హైదరాబాద్ నుంచి కాగజ్‌నగర్ చేరుకుని, మర్నాడు అందరం కలిసి బల్లార్షా రైలెక్కాం. మాకిడి దాటితే మహారాష్ట్ర. బల్లార్షాకు ముందు వచ్చే వార్ధా వంతెన కింద నీళ్లు సన్నబడి బండలు తేలి ఉన్నాయి. చంద్రపూర్ ఎండ గురించి మా వైపువాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. అక్కడ మహాకాళి గుడిలో దండం పెట్టుకుని, గోండు రాజుల నాటి కోట గోడ పక్క నుంచి కారులో వెళ్తుంటే లోపలికి వచ్చే గాలి ముఖాన్ని కాల్చింది. తాడోబాలోకి వెళ్లే గేటున్న మొహర్లీ ఊరు అక్కడికి ముప్పై కిలోమీటర్ల లోపే. ఈరాయి డ్యామ్ వెనక నీళ్లు ఆ ఊరి దాకా పరుచుకుని ఉంటాయి. చంద్రపూర్ థర్మల్ విద్యుత్ కేంద్రానికి వెళ్లేవి ఆ నీళ్లే. సాయంత్రం ఆ గట్టు మీద కూర్చున్నప్పుడు గాలికి కాస్త చల్లదనం వచ్చింది.

అడవిలోకి తీసుకువెళ్లే జిప్సీ జీపులో ఆరుగురు సందర్శకులకు చోటు ఉంటుంది. నాన్న, అమ్మ, నేను, మా వారు, ఇద్దరు పిల్లలు, లెక్క సరిగ్గా సరిపోయింది. మా వారు బండి మొత్తం మా ఒక్క కుటుంబానికే ఉండేలా చాలా ముందుగా ఆన్‌లైన్‌లో ఉదయం పూటకు బుక్ చేశారు. దానికి ఖర్చు ఎక్కువే అయింది. కానీ నాన్నకు అప్పటికే మోకాళ్ల నొప్పులు, ఎక్కడైనా బండి ఆపించి కాళ్లు కాస్త చాపుకోవాలంటే పక్కన పరాయివాళ్లు ఉంటే ఆయన నోరు తెరిచి అడగరు. అమ్మ అయితే కొత్తవాళ్ల ముందు పెదవి విప్పదు. ఆ పూటంతా వాళ్లిద్దరూ ఎంత మాట్లాడారో తలుచుకుంటే, పెట్టిన ప్రతి రూపాయికీ సార్థకత దొరికిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్దవాళ్లను తీసుకువెళ్లేవారు వీలైతే బండి మొత్తం తీసుకోండని నేను అడిగినవారికల్లా చెబుతుంటాను.

తెల్లవారుజామున నాలుగున్నరకే గేటు దగ్గర ఉన్నాం. గుర్తింపు కార్డులు ఒక్కొక్కటే బుకింగ్ కాగితంతో సరిచూశారు. సెల్‌ఫోన్లు లోపలికి తీసుకువెళ్లరాదన్న నియమం అప్పటికి కొత్తగా వచ్చింది, అందుకని ఫోన్లన్నీ బస చేసిన గదిలోనే వదిలేశాం. ముదురు రంగు బట్టలు వద్దన్నారని మా అమ్మాయి ఎర్ర గౌను మార్చుకుని ఆకుపచ్చది వేసుకుంది. అమ్మ పాత మట్టిరంగు నేత చీర కట్టుకుంది. మా గైడు మొహర్లీ ఊరివాడే, ముప్పై ఏళ్లు నిండని గోండు యువకుడు. నాన్న అతడికి "రాం రాం" అని చెప్పి మరాఠీలో ఊరూ పేరూ అడిగేసరికి, అతడు జిప్సీ ముందు సీటు చూపించి, "బాబా, మీరు ఇక్కడ కూర్చుంటే బాగా కనిపిస్తుంది" అన్నాడు. సరిహద్దు ఊళ్లవాళ్లం కావడంతో మాలో చాలామందికి మరాఠీ కొంత వస్తుంది. మిల్లులో వెదురు కాంట్రాక్టర్లతో మాట్లాడీ మాట్లాడీ నాన్నకు బాగా వచ్చు. గేటు పక్కన బోర్డు మీది వివరాలన్నీ ఆయన పిల్లలకు చదివి తెలుగులో చెప్పారు: 1955లో తాడోబా జాతీయ ఉద్యానం ఏర్పడింది, 1986లో అంధారి అభయారణ్యం వచ్చింది, 1995లో రెంటినీ కలిపి టైగర్ రిజర్వు చేశారు, నడిమి అడవి ఆరువందల ఇరవై అయిదు చదరపు కిలోమీటర్లు. "గింతనేనా? గీ నడుమనే గన్ని పులులా?" అన్నది ఆయన మొదటి మాట. అందుకే అవి బయటికి పోతాయని గైడు నవ్వుతూ జవాబిచ్చాడు.

గేటు తెరిచి బండ్లు లోపలికి వెళ్లాక, మిగతావి ఒకదాని వెనక ఒకటి ముందుకు దూసుకుపోయాయి. నాన్న చెప్పగా మా డ్రైవరు వేగం తగ్గించాడు. వెలుతురు ఇంకా పూర్తిగా రాలేదు. ఎండిన ఆకుల వాసన, దానితో కలిసి ఎక్కడి నుంచో నీటి వాసన. దారి పక్కన వరుసగా రాతి స్తంభాలు కనిపించాయి. గోండు రాజుల కాలంలో వాటి మీదుగా తాడు కట్టి, రాజుగారు వస్తున్నారని గంటలు మోగించి కబురు పంపేవారని తమ పెద్దలు చెబుతారని గైడు అన్నాడు. తెలియా చెరువు వైపు తిరిగే చోట చుక్కల దుప్పుల మంద దారికి అడ్డంగా నిలబడింది. చెట్టు మీద కొండముచ్చులు చిగుళ్లు తుంచి తిని సగం కింద పడేస్తుంటే దుప్పులు వాటిని ఏరుకుని తింటున్నాయి. కొండముచ్చుకు పైనుంచి దూరం కనిపిస్తుంది, దుప్పికి కింద వాసన తెలుస్తుంది, ఎవరికి ముందు పులి జాడ తెలిసినా రెండో వారికి కబురు అందుతుంది అని గైడు వివరిస్తుంటే, మా అబ్బాయి ఆ కొండముచ్చుల్లో కాపలాగా కూర్చున్నది ఏదో కనిపెట్టే పనిలో పడ్డాడు.

అక్కడి నుంచి అమ్మ మొదలుపెట్టింది. నల్లమద్ది చెట్టును చూపించి, మొసలి వీపు లాగా నెర్రెలు విచ్చిన ఆ బెరడును గుర్తుపెట్టుకోమని మనవరాలికి చెప్పింది. తాము తునికాకు తెంపేటప్పుడు దాహమైతే, నల్లమద్ది మొదలు మీద బుడిపెలా ఉబ్బిన చోట గాటు పెడితే నీళ్లు కారేవనీ, అవి కొంచెం వగరుగా ఉండేవనీ చెప్పింది. గైడు వెనక్కి తిరిగి, అమ్మ తెలుగు మాటలు అర్థం కాకపోయినా వేలు చూపించిన చెట్టును బట్టి విషయం పట్టేసి, "ఐన్! ఐన్! అవును, నీళ్లుంటాయి" అన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి మధ్యా ఒక ఆట లాంటిది నడిచింది. అమ్మ తెలుగులో చెట్టు పేరు చెబుతుంది, అతడు మరాఠీలోనూ గోండీలోనూ చెబుతాడు, నాన్న మధ్యలో సరిచూస్తారు. ఇప్ప చెట్ల కింద పువ్వు కాలం అయిపోయింది, కాయ పట్టింది. రాత్రి గుడ్డెలుగు వచ్చి పుట్ట తవ్విన గుంట తాజాగా ఉంది. ఆకులన్నీ రాలిపోయి, తెల్లని ఒళ్లుతో నిలబడిన తపసి చెట్టు ఉదయపు వెలుగులో దూరం నుంచే కనిపించింది. దాని బంక కోసం గాట్లు పెట్టీ పెట్టీ మా వైపు అడవుల్లో తపసి చెట్లను ఎంతగా చంపేశారో అమ్మ చెప్పినప్పుడు ఆమె గొంతులో బాధ ఉంది.

తునికి చెట్టు దగ్గర ఆమె బండి ఆపమంది. నేను అప్పటిదాకా తునికిని పొదగానే చూశాను. ఆకు లేతగా, పెద్దదిగా రావాలని ఆకు కొనే కల్లాలు మొదలయ్యే ముందు కొమ్మలు కొట్టిస్తారు. అలా ఏటా కొట్టించుకున్న తునికి నడుము ఎత్తులోనే ఆగిపోతుంది. ఇక్కడ అది నల్లని బెరడుతో తల ఎత్తి చూడాల్సినంత ఎదిగి ఉంది, నిండా పచ్చని ఆకు, మధ్యలో పసుపు పండ్లు. మే నెల నడుమ, సరిగ్గా ఆకు తెంపే రోజుల్లో, ఒక్క చెయ్యీ పడని తునికి ఆకు. "గిది యాభై ఆకుల కట్టలు ఎన్నయితయో సూడుండ్రి" అంటూ అమ్మ ఆ ఆకుల వైపు చూస్తూ ఉండిపోయింది. ఆమె వేళ్లు ఒడిలో కదులుతున్నాయి; బొటనవేలితో ఆకు తొడిమలను ఒక్కో దానిపై ఒకటి సర్ది, చివరన కట్టు వేసే కదలిక అది. నలభై ఏళ్ల కిందటి పని వేళ్లు మరిచిపోలేదు.

ఆకు తెంపినవారి కుటుంబం అని తెలిశాక గైడు ఒక విషయం చాలా శ్రద్ధగా చెప్పాడు. నడిమి అడవి చుట్టూ ఉండే బఫర్ ప్రాంతపు ఊళ్లలో పులి దాడులు ఎక్కువగా జరిగేది ఇప్పపువ్వు ఏరేవారి మీదా, తునికాకు తెంపేవారి మీదా, పశువులు కాసేవారి మీదా. నిలబడి నడిచే మనిషిని పులి సాధారణంగా తప్పించుకుని పోతుంది. కూర్చున్న మనిషి, నేల మీదికి వంగిన మనిషి దానికి నాలుగు కాళ్ల జంతువులా కనిపిస్తాడు. అందుకే తమ ఊళ్లో గుంపుగా వెళ్తారనీ, వంగి ఏరేవారితో పాటు ఒక్కరైనా నిటారుగా నిలబడి చుట్టూ చూస్తూ ఉంటారనీ అన్నాడు. అమ్మ ఆ మాటను నాన్నతో రెండుసార్లు చెప్పించుకుని విన్నది. తన రోజుల్లో ఆ భయం లేకుండా చీకట్లోనే వెళ్లామనీ, అప్పటికే మా అడవి అంత ఖాళీ అయిపోయిందన్నమాట అనీ ఆమె అన్నప్పుడు మాకెవరికీ జవాబు తోచలేదు.

నాన్నకు సంబంధించిన ఘట్టం కంకవనంలో, అంటే వెదురు వనంలో, జరిగింది. దారి ఒక వాగు వెంట దిగి, రెండు వైపులా వెదురు పొదలు పైన కలుసుకున్న చోటికి చేరింది. బయట అప్పటికే ఎండ ఎక్కింది గానీ అక్కడ మసక వెలుతురే. డ్రైవరు ఇంజిన్ ఆపాడు. నాన్న ముందు సీటులోంచి మెల్లగా లేచి, పట్టీ పట్టుకుని నిలబడి పొదలను చూశారు. బొంగు పొడవు, బొంగు మందం, టన్నుకు ఎన్ని కట్టలు, తడి ఎంత, పురుగు పట్టిందా లేదా, ఇవి ఆయన ఉద్యోగమంతా చూసిన విషయాలు. ఒక్క పొదలో ముదురు బొంగులు లోపల, లేతవి అంచుల్లో ఎలా లేస్తాయో, అడవిలో బొంగు నరికేటప్పుడు ఏవి వదిలేయాలో, చుట్టూ లేతవన్నీ నరికేస్తే పొద ఎలా చచ్చిపోతుందో ఆయనకు కంఠోపాఠం. కానీ నరకని పొద పండిపోయి, ముదురు బొంగులు వాటంతట అవే వాలి, వాటి కింద అడవిపంది దారి చేసుకుని, పొద మొదట్లో కణుజు (సాంబర్ దుప్పి) పడుకున్న జాడ మిగిలి ఉన్న కంకవనం ఆయన చూడటం అదే మొదలని నాకు అర్థమైంది.

"ఇది ఎన్నేళ్ల పొదంటావు నాన్నా?" అని అడిగాను.

"నేను మిల్లుల చేరినప్పటిది కావచ్చు బిడ్డా. కట్టె పూత రాలేదు. పూత వచ్చిందంటే వనం వనమంతా ఒక్కసారే ఎండిపోతది" అన్నారు. వెదురు జీవితంలో ఒక్కసారే పూస్తుందనీ, అది కొన్ని దశాబ్దాలకు గానీ రాదనీ, పూసి గింజ రాల్చాక చచ్చిపోతుందనీ, ఆ గింజల నుంచే మళ్లీ వనం మొలుస్తుందనీ పిల్లలకు చెప్పారు. తాను చూసిన ఒక పూత ఏడాదిలో మిల్లుకు ఎండు బొంగు ఎంతగా వచ్చిపడిందో, పల్లెజనం వెదురు బియ్యం ఎలా ఏరుకుని వండుకున్నారో కూడా చెప్పారు. అంతలో గాలికి పైనుంచి ఎండిన పొర ఒకటి, బొంగు కణుపును చుట్టి ఉండే గోధుమరంగు పొర, తిరుగుతూ వచ్చి ఆయన ఒళ్లో పడింది. దాని వెలుపలి వైపు సన్నని నూగు ఉంది, అది వేలికి గుచ్చుకుంటుంది. లోపలి వైపు మాత్రం నున్నగా, మెరుస్తూ ఉంది. నాన్న దాన్ని వేళ్లతో సాపు చేసి చాలాసేపు పట్టుకున్నారు. అడవిలోంచి ఆకైనా తీసుకుపోకూడదని గైడు మెల్లగా గుర్తుచేస్తే, "నిజమే బాబూ" అని బండి పక్కన పొద మొదట్లోకి వదిలేశారు. లారీలకు లారీలు దింపించుకున్న మనిషి ఆ ఒక్క పొరను అంత జాగ్రత్తగా తిరిగి ఇచ్చేయడం నా కళ్ల ముందు ఇప్పటికీ కదులుతూ ఉంటుంది.

కణుజు అరిచింది అప్పుడే. దుప్పి బెదిరి కూస్తే నక్కను చూసీ కూయవచ్చు, కొండముచ్చు చిరుతను చూసీ అరవవచ్చు, కానీ కణుజు ఊరికే అరవదని గైడు అంతకు ముందే చెప్పి ఉన్నాడు. వాగు అవతలి నుంచి ఒక్క అరుపు, పొడిగా, బిగ్గరగా. కాసేపాగి మరొకటి. గైడు చేయెత్తి మమ్మల్ని కదలవద్దన్నాడు. అరుపులు పడమరకు జరుగుతున్నాయని విని, అటు ఒక నీటికుంట ఉందని చెప్పి బండిని చుట్టూ తిప్పించాడు. వేసవిలో వాగులు ఎండిపోతే జంతువుల కోసం సోలార్ పంపుతో నింపే కుంట అది. దారి దుమ్ములో అడుగులు కనిపించాయి. మగపులి అడుగు దాదాపు చదరంగా ఉంటుంది, ఆడపులిది కొంచెం కోలగా, వేళ్లు సన్నగా ఉంటాయి, ఇది ఆడదే అన్నాడు. అంతకు ముందు వెళ్లిన బండి చక్రపు గుర్తు మీద ఆ అడుగు పడి ఉంది.

కుంట దగ్గర అప్పటికి మా బండి ఒక్కటే ఉంది. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు, మా అబ్బాయి మా వారి భుజం మీద తల వాల్చాడు కూడా. ముందుగా నెమలి ఒకటి గబగబా పక్కకు తప్పుకుంది. ఆ తర్వాత పొదల్లోంచి తల వచ్చింది. అంతదాకా నేను చూస్తూ ఉన్న చోటే, ఎండు గడ్డి అనుకున్న చోటే అది నిలబడి ఉందని తల కదిలాక గానీ తెలియలేదు. ఆడపులి. మమ్మల్ని ఒకసారి చూసింది, లెక్కచేయలేదు. కుంట అంచుకు వచ్చి, ఒక్కసారిగా వెనక్కి తిరిగి, వీపు నీళ్ల వైపు పెట్టి, వెనక కాళ్లతో మెల్లగా నీళ్లలోకి దిగి నడుము దాకా మునిగేలా కూర్చుంది. కళ్లలో నీళ్లు పడటం పులికి ఇష్టం ఉండదట, అందుకే వెనక్కి దిగుతుందట. చెవులను ఈగల కోసం ఆడించినప్పుడల్లా వాటి వెనక ఉన్న తెల్లని మచ్చలు కనిపించి మాయమయ్యేవి. వేడికి నోరు తెరిచి రొప్పుతోంది. ఎడమ చెంప మీద పాత గాటు ఒకటి మానిపోయి ఉంది. మా అమ్మాయి నా చేతిని ఎంత గట్టిగా పట్టుకుందంటే గోళ్ల గుర్తులు పడ్డాయి, కానీ నోటి నుంచి చిన్న శబ్దమైనా రాలేదు. ఆ పిల్ల ఓర్పు చూసి నాకు ఎంతో గర్వం కలిగింది.

పావుగంటకు పైగానే కూర్చుని, లేచి, ఒళ్లు విదిలించకుండానే, నీళ్లు కారుతూ ఉండగా మా బండికి ఎదురుగా దారి దాటి కంకవనంలోకి వెళ్లిపోయింది. ఆ చారలు ఎండు బొంగుల్లో కలిసిపోవడానికి పట్టుమని పది అడుగులైనా పట్టలేదు. నాన్న కాసేపటికి గైడును మరాఠీలో అడిగారు, దానికి పిల్లలు ఉన్నాయా అని. పోయిన ఈత పిల్లలు పెద్దవై విడిపోయాయనీ, పిల్లలు రెండేళ్లు వచ్చేదాకా తల్లి వెంట ఉంటాయనీ, ఆ తర్వాత ఇక్కడ ఉన్న పెద్ద పులులు చోటివ్వవు కాబట్టి మగవి దూరం వెళ్లిపోతాయనీ అతడు చెప్పాడు. ఎటు వెళ్తాయంటే దక్షిణం వైపు చేయి చూపాడు. నాన్న మా వైపు తిరిగి, "మన దిక్కే" అన్నారు. ఆయన ముఖంలో అంత సంతోషం నేను నా పెళ్లినాడు కూడా చూడలేదు.

ఆ తర్వాత తాడోబా చెరువు దగ్గర ఆగాం. గట్టు మీద పెద్ద చెట్టు కింద తారు దేవుడి గద్దె ఉంది. పులితో పోరాడి చనిపోయిన ఊరి పెద్ద తారు అనీ, ఆ పేరు మీదే ఈ చోటు తాడోబా అయిందనీ, పుష్యమాసంలో గోండులు ఇక్కడ జాతర చేసుకుంటారనీ గైడు చెప్పాడు. పులి చంపినవాడిని కొలుస్తూ, ఆ పులినీ దండించకుండా గౌరవించే తమ పద్ధతి గురించి అతడు మాట్లాడుతుంటే అమ్మ దూరం నుంచే దండం పెట్టుకుంది. చెరువు అంచున మొసలి ఒకటి ఎండకు నోరు తెరుచుకుని పడుకుంది. విశ్రాంతి స్థలంలో అమ్మ తెచ్చిన సకినాలు గైడుకూ డ్రైవరుకూ కూడా పెట్టింది. వెనక్కి వచ్చేటప్పుడు రేసుకుక్కల గుంపొకటి కనబడింది గానీ, సమయం మించితే గేటు దగ్గర జరిమానా కాబట్టి నిలిచి చూడలేకపోయాం. తొమ్మిదిన్నరకు బయటికి వచ్చేసరికి గాలి అప్పటికే వడగాలి అయింది.

తిరుగు రైలులో నాన్న కిటికీ దగ్గర కూర్చుని, మాకిడి దాటిన దగ్గర నుంచి పట్టాల రెండు వైపులా ఉన్న చెట్లను చూస్తూనే ఉన్నారు. కాజీపేట నుంచి బల్లార్షా దాకా మూడో లైను పనులు సాగుతున్న కాలం అది. తాడోబా నుంచి కాగజ్‌నగర్ అడవికీ, అక్కడి నుంచి కవ్వాల్‌కూ వచ్చే పులి నది ఈదుకుని, పత్తిచేలు దాటి, ఈ పట్టాలు కూడా దాటి రావాలి. పగలంతా పొదలో పడుకుని, రాత్రి బండ్లు లేని వేళ చూసుకుని దాటుతుందేమో అని నాన్న అన్నారు. అంత కష్టపడి వచ్చిన దాన్ని మనం బతకనివ్వాలి అని కూడా అన్నారు. ఆ మాటతో నేను అప్పుడూ ఏకీభవించాను, ఇప్పుడూ ఏకీభవిస్తాను. కానీ ఆ మాట ఎంత బరువైనదో తర్వాతి సంవత్సరమే తెలిసింది.

2020 నవంబరులో మా జిల్లాలో పులి దాడుల్లో ఇద్దరు చనిపోయారు, దహెగాం మండలంలో ఒకరు, పెంచికల్‌పేట మండలంలో ఒకరు. ఇద్దరూ చిన్న వయసువాళ్లే. రెండో ఘటన పత్తిచేను దగ్గర జరిగింది, అది అమ్మ పుట్టింటి మండలం. ఆ వారమంతా నాన్న ఫోన్‌లో నాతో ఎక్కువ మాట్లాడలేదు. పులిని చూసి పొంగిపోయిన మనిషి ఆ తల్లిదండ్రులకు ఏమి చెప్పగలరు? ఆయన తనకు తెలిసిన పల్లెలకు ఫోన్లు చేసి, మొహర్లీ గైడు చెప్పిన జాగ్రత్తలన్నీ తెలుగులో చెప్పేవారని అమ్మ తర్వాత చెప్పింది. నాన్న 2022లో పోయారు. 2024 జనవరిలో కాగజ్‌నగర్ మండలం దరిగాం అడవిలో రోజుల తేడాలో రెండు పులులు చనిపోయాయని, విషం పెట్టిన కేసులో అరెస్టులు జరిగాయని చదివినప్పుడు, ఈ వార్త ఆయన చూడకుండా పోవడమే మంచిదైందని అమ్మతో అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఉంటే ఆ ఊరికి పోయి మాట్లాడేవాడు, అంది.

అదే ఏడాది నవంబరు చివర్లో కాగజ్‌నగర్ పక్కనే పత్తి ఏరుతున్న మరో స్త్రీని పులి చంపింది. ఆ తర్వాత అటవీశాఖవారు పొద్దెక్కాకే చేనుకు వెళ్లాలనీ, సాయంత్రం కాకముందే ఇంటికి రావాలనీ చెప్పి, తల వెనక పెట్టుకోవడానికి మనిషి ముఖం బొమ్మ ఉన్న మాస్కులు పంచారు. పెంచికల్‌పేట దగ్గర అమ్మ వాళ్ల అన్న కూతురు ఇప్పటికీ పత్తి ఏరడానికి వెళ్తుంది. కూలీలకు ఏరిన కిలోకు ఇంత అని లెక్క కట్టి ఇస్తారు కాబట్టి, ఒక మనిషి ఊరికే నిలబడితే ఆ పూట కూలి పోతుంది. అమ్మ పోయిన పత్తి కాలంలో ఆ ఊరికి వెళ్లి కూర్చుని, గుంపులో వంతులవారీగా ఒకరు నిలబడాలనీ, నిలబడిన వారికి మిగతావారు తలా కొంత పత్తి పంచాలనీ వాళ్లతో మాట్లాడి ఒప్పించింది. ఇప్పుడు పత్తి ఏరే రోజుల్లో ప్రతి సాయంత్రం ఆమె నుంచి మేనకోడలికి ఫోన్ వెళ్తుంది. ఆమె అడిగేది ఒక్కటే: "ఇయ్యాల నిలబడ్డదెవరు?"